పుంత, కాలిబాట

అంబాజీపేట నుంచి ఏ ఊరి వైపు నడిచినా రెండు రకాల దారులు తగులుతాయి. ఒకటి పుంత. గ్రామ పటంలో దానికి గీత ఉంటుంది, బండి పడుతుంది, ఎవరిదని అడిగితే ఊరిదంటారు. రెండోది కొబ్బరి తోటలోంచి అడ్డంగా పోయే కాలిబాట. దాన్ని ఎవరూ వేయలేదు. దింపు పనికి పోయేవాళ్లు దగ్గర దారని నడిచారు, బడిపిల్లలు వాళ్ల వెనకాల నడిచారు, బోదె మీద ఎవరో ఒక దుంగ అడ్డం పడేశారు. తోట యజమాని ఏనాడూ ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. కొన్నేళ్లు పోయాక ఆయన అక్కడ కంచె వేద్దామని రాళ్లు దింపితే ఊరు ఊరంతా మీదికొస్తుంది. చట్టం కూడా ఊరి పక్షాన మాట్లాడొచ్చు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం 20 ఏళ్లపాటు అడ్డూ ఆపూ లేకుండా, బహిరంగంగా, హక్కుగా నడిచిన దారి నిజంగానే హక్కయిపోతుంది.

ఆపరేటింగ్ సిస్టమ్ రాసేవాడికి ఈ తోట యజమాని కష్టం బాగా తెలుసు. కంప్యూటర్‌లో కీబోర్డు చదవడం, తెర మీద అక్షరం గీయడం, క్యాసెట్టు నుంచి ప్రోగ్రామ్ ఎక్కించడం లాంటి పనులన్నిటికీ ముందే కోడ్ రాసిపెట్టి, మీరు ఈ దారిన రండని చెప్పడం అతని పని. ఆ చెప్పిన దారి పుంత. వచ్చేవాళ్లు మాత్రం దగ్గర దారి చూసుకుంటారు. 1980ల తొలినాళ్లలో ఒకే ఊళ్లో పుట్టి, ఒకదానితో ఒకటి పోటీపడిన రెండు కంప్యూటర్లలో ఒకటి పుంతలు వేసి మరీ అమ్మకానికొచ్చింది. రెండోది కాలిబాటలతోనే బతికింది. ఆ రెండూ మన దేశానికీ వచ్చాయి.

ఆ ఊరు ఇంగ్లాండులోని కేంబ్రిడ్జ్. క్లైవ్ సింక్లెయిర్ దగ్గర పనిచేసిన క్రిస్ కర్రీ బయటికొచ్చి, హెర్మన్ హౌజర్‌తో కలిసి 1978లో ఏకార్న్ మొదలుపెట్టాడు. బీబీసీ టీవీ కంప్యూటర్ల గురించి పాఠాలు ప్రసారం చేయాలనుకుని, వాటికి తోడుగా తన పేరుతో ఒక యంత్రం అమ్మాలనుకున్నప్పుడు సింక్లెయిర్, కర్రీ ఇద్దరూ పోటీపడ్డారు. బీబీసీ ఏకార్న్‌ని ఎంచుకుంది. 1981 చివర్లో బీబీసీ మైక్రో వచ్చింది. మొదట్లో దాని మోడల్ ఏ ధర 235 పౌన్లు, మోడల్ బి 335. 1982 ఏప్రిల్ 23న సింక్లెయిర్ తన జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ విడుదల చేశాడు. 16 కిలోబైట్ల జ్ఞాపకంతో 125 పౌన్లు, 48 అయితే 175. ఇద్దరి మధ్య పంతం ఎంతదాకా పోయిందంటే 1984 క్రిస్మస్ ముందు కేంబ్రిడ్జ్‌లోని ఒక పబ్బులో సింక్లెయిర్ చుట్టిన పేపరుతో కర్రీని కొట్టాడని అప్పటి పత్రికలు రాశాయి. అమ్మకాల్లో గెలుపు సింక్లెయిర్‌దే. స్పెక్ట్రమ్‌లు 50 లక్షలకు పైగా పోయాయి, బీబీసీ మైక్రోలు 15 లక్షల చిల్లర.

మన దగ్గర దేశీ కంప్యూటర్ అంటే అప్పటిదాకా హైదరాబాద్ ఈసీఐఎల్ పేరే గుర్తొచ్చేది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు 1967లో నిలబెట్టిన సంస్థ అది. దాని టీడీసీ యంత్రాలు ప్రయోగశాలల కోసం, పెద్ద సంస్థల కోసం. బడిపిల్లల ముందుకు కంప్యూటర్‌ని తెచ్చింది 1984-85లో కేంద్రం మొదలుపెట్టిన క్లాస్ పథకం. తొలి విడత 250 బళ్లకు అందినవి బీబీసీ మైక్రోలే. తర్వాత మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ అదే నమూనాను ఎస్‌సీఎల్ యూనికార్న్ పేరుతో ఇక్కడే తయారుచేసింది. స్పెక్ట్రమ్ ప్రభుత్వం చేతుల మీదుగా రాలేదు. డెసిబెల్స్ అనే భారతీయ కంపెనీ 1986లో లైసెన్సు తీసుకుని డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ అని అమ్మింది. అంటే బడిలో ఒకటి, ఇంట్లో మరొకటి. రెండూ చూసిన పిల్లవాడికి రెంటి బేసిక్ భాషలోనూ ప్రింట్ అంటే ప్రింటే. అడుగున ఏముందో తెలియడానికి ఇంకొంచెం లోతుకి దిగాలి.

లోతుకి దిగే ముందు ఒక్క మాట. ఈ యంత్రాల్లో ఆపరేటింగ్ సిస్టమ్ డిస్కు నుంచి ఎక్కదు. రోమ్ అనే చిప్‌లో ఫ్యాక్టరీలోనే అచ్చయి వస్తుంది, చెరపడం కుదరదు. జ్ఞాపకంలో ప్రతి బైటుకూ ఒక చిరునామా ఉంటుంది, 0 నుంచి 65535 దాకా. ఫలానా పని చేసే కోడ్ ఫలానా చిరునామాలో మొదలవుతుందని తెలిస్తే ప్రోగ్రామ్ అక్కడికి దూకి పని చేయించుకుని తిరిగొస్తుంది.

బీబీసీ మైక్రోలో ఆపరేటింగ్ సిస్టమ్‌కి విడిగా 16 కిలోబైట్ల రోమ్ ఉంది. పేరు మెషీన్ ఆపరేటింగ్ సిస్టమ్, ముద్దుగా మాస్. బేసిక్ భాషకి ఇంకో 16 కిలోబైట్ల రోమ్. బేసిక్ ఇక్కడ యజమాని కాదు, మాస్ ఇంట్లో అద్దెకున్న ఒక మనిషి, అంతే. ఏకార్న్ ప్రోగ్రామర్లకు చెప్పింది చిన్న జాబితా: తెర మీద ఒక అక్షరం రాయాలంటే 65518కి వెళ్లండి. కీబోర్డు నుంచి ఒక అక్షరం కావాలంటే 65504. చిల్లర పనులన్నిటికీ 65524. టైపు చేసిన ఆజ్ఞను అమలు చేయించాలంటే 65527. ఈ చిరునామాలు మారవని మాటిచ్చి, లోపలి కోడ్ మాత్రం మా ఇష్టమని చెప్పింది. మాస్ 0.1 నుంచి 1.2కి వచ్చేసరికి లోపల చాలా అటూ ఇటూ అయింది. పుంత మీద నడిచినవాళ్లకి ఆ సంగతి తెలియనైనా తెలియలేదు.

ఇంకా తెలివైన ఏర్పాటు ఆ పుంత చివర ఉంది. 65518 దగ్గర అక్షరం గీసే కోడ్ ఉండదు. అక్కడ ఉండేది ఒకే ఒక్క ఆజ్ఞ: 526లో ఏ చిరునామా రాసి ఉందో చూసి అక్కడికి పో. 526 ఉన్నది ర్యామ్‌లో, అంటే మనం మార్చుకోగలిగిన జ్ఞాపకంలో. అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారి పొద్దున్నే పేపర్లో చూసే ధరల పట్టిక ఇలాంటిదే. కురిడీ పాతవి, గండేరా వెయ్యి, గటగట వెయ్యి. కురిడీ కొత్తవి, మళ్లీ గండేరా, గటగట. ఆ కింద ముక్కుడు కాయ, పచ్చి కాయ, చివర్న నూనె. వరస ఏళ్ల తరబడి అదే. ఎదుటి అంకె రోజుకొకటి. ఏ వరస ఎక్కడుందో చూపుకి అలవాటైపోయింది కాబట్టి మారిన అంకె క్షణంలో అందుతుంది. నిన్నటి అంకె పట్టుకుని బేరానికి దిగినవాడు మునుగుతాడు. బీబీసీలోనూ అంతే. 526లో అంకె మార్చి మన సొంత కోడ్ చిరునామా పెడితే, ఆ క్షణం నుంచి పుంత మీద నడిచే ప్రతి ప్రోగ్రామ్ రాసే ప్రతి అక్షరమూ ముందు మన చేతి మీదుగా పోతుంది. బేసిక్‌కి తెలియదు, వర్డ్ ప్రాసెసర్‌కి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

స్పెక్ట్రమ్‌లో మొత్తం రోమ్ 16 కిలోబైట్లు. అందులోనే బేసిక్, అందులోనే కీబోర్డు, తెర, క్యాసెట్టు, దశాంశాల లెక్కలు, అక్షరాల ఆకారాలు. దాన్ని రాసింది నైన్ టైల్స్ అనే చిన్న కంపెనీ, ముఖ్యంగా స్టీవ్ వికర్స్. ఇక్కడ బేసిక్, ఆపరేటింగ్ సిస్టమ్ అని రెండు వేరుగా లేవు. ఇల్లూ కొట్టూ ఒకే గదిలో నడిపే సంసారం. పుంతలు అసలు లేవనడం అన్యాయం. స్పెక్ట్రమ్‌ని నడిపే జెడ్80 చిప్‌లో ఒక్క బైటుతో పిలవగలిగే ఎనిమిది చిరునామాలుంటాయి. వికర్స్ వాటిని పొదుపుగా వాడాడు: 16ని పిలిస్తే అక్షరం రాస్తుంది, 40ని పిలిస్తే లెక్క చేస్తుంది, 8ని పిలిస్తే తప్పు దొరికిందని చెప్పి ఆగిపోతుంది. 56కి సెకనుకు 50 సార్లు యంత్రమే తనంతట తాను వచ్చి కీబోర్డు చూసిపోతుంది. ఇవి తప్ప మిగతా రోమ్ అంతా కంచె లేని తోట.

కంచె లేదని తెలిశాక ఆగేదెవరు? 1983లో ఇయాన్ లోగన్, ఫ్రాంక్ ఓహారా ఈ రోమ్‌ని ఆజ్ఞ తర్వాత ఆజ్ఞగా విప్పి, వివరణతో పుస్తకంగా అచ్చేశారు. దాంతో ప్రతి చెట్టూ ప్రతి బోదే పటంలోకెక్కింది. శబ్దం కావాలంటే 949కి దూకు. ఏ మీట నొక్కారో చూడాలంటే 654. క్యాసెట్టు నుంచి బైట్లు ఎక్కించాలంటే 1366, క్యాసెట్టు మీద రాయాలంటే 1218. ఈ అంకెల్ని సింక్లెయిర్ మారవని ఎవరికీ హామీ ఇవ్వలేదు. ఆటలు రాసినవాళ్లు హామీ అడగనూ లేదు. కొన్నేళ్లలో వేల ప్రోగ్రాములు ఆ చిరునామాల మీద నడిచాయి. 1985లో స్పానిష్ మార్కెట్టులో, 1986లో బ్రిటన్‌లో 128 కిలోబైట్ల స్పెక్ట్రమ్ తెచ్చినప్పుడు కొత్త ఎడిటర్ కోసం ఇంకో రోమ్ పెట్టారే తప్ప, పాత రోమ్‌ని దాదాపు ఉన్నదున్నట్టు పక్కనే ఉంచాల్సి వచ్చింది. కంచె వేద్దామంటే ఊరు ఒప్పుకోలేదు మరి.

రెంటి స్వభావం అసలు బయటపడేది తెలియని మాట ఎదురైనప్పుడు. కొత్తగా డిస్కు డ్రైవో, నెట్‌వర్కో తగిలించామనుకోండి. దాని ఆజ్ఞలు పాత రోమ్‌కి తెలియవు. అప్పుడేం చేయాలి?

బీబీసీలో నక్షత్రం గుర్తుతో మొదలయ్యే ఆజ్ఞ ఏదైనా మాస్‌కి చేరుతుంది. తనకి తెలియకపోతే తన కింద ఉన్న రోమ్‌లను ఒక్కొక్కటిగా, 15వ నంబరు నుంచి 0 దాకా, ఇది మీదేనా అని అడుగుతుంది. డిస్కు రోమ్ తనదంటే పని దానికి అప్పగిస్తుంది. ఎవరూ తమది కాదంటేనే తప్పు అంటుంది. కాయ చేతపట్టుకుని యార్డులో వరసగా కొట్టు కొట్టుకీ తిరిగి, ఇది మీ సరుకేనా అని అడిగే గుమస్తా పద్ధతి.

స్పెక్ట్రమ్‌లో అడిగేవాడు లేడు. తెలియని మాట వస్తే బేసిక్ 8కి దూకి తప్పని చెప్పి ఆగిపోవడమే. 1983లో సింక్లెయిర్ మైక్రోడ్రైవ్ టేపుల కోసం ఇంటర్‌ఫేస్ 1 అనే పెట్టె చేసినప్పుడు దాన్ని తయారుచేసినవాళ్లు ఆ పడిపోయే చోటునే పట్టుకున్నారు. ప్రాసెసర్ చిరునామా 8ని ముట్టుకోగానే ఆ పెట్టెలోని ఎలక్ట్రానిక్స్ అసలు రోమ్‌ని పక్కకు జరిపి, అదే చిరునామాల్లో తన సొంత రోమ్‌ని నిలబెడతాయి. ఆ నీడ రోమ్ తప్పు ఎందుకొచ్చిందో చూస్తుంది. తనకు తెలిసిన ఆజ్ఞ అయితే పని చేసి పెడుతుంది. కాకపోతే అసలు రోమ్‌ని తిరిగి తెచ్చి, నిజంగానే తప్పు అనిపిస్తుంది. క్యాట్, ఫార్మాట్, ఎరేజ్ లాంటి మాటలు స్పెక్ట్రమ్ మీటల మీద మొదటి రోజు నుంచీ అచ్చయి ఉన్నా ఒట్టి యంత్రంలో అవి పనిచేసేవి కావు. అవి పడిపోయి, కింద పట్టుకునేవాడు ఉంటేనే పనిచేస్తాయి. నాకు ఇది చూస్తే కోపం రాదు, నవ్వొస్తుంది, కొంచెం మెచ్చుకోలు కూడా. బీబీసీ చేసిన పనే ఇది. అది తలుపు తట్టి చేసింది, ఇది చెట్టు కింద దుప్పటి పట్టుకుని నిలబడి చేసింది.

ఆ పెట్టె తగిలించగానే ఇంకో కాలిబాట తెగింది. ఇంటర్‌ఫేస్ 1 తన లెక్కల కోసం 23734 నుంచి 58 బైట్ల చోటు తీసుకుంటుంది, దాంతో బేసిక్ ప్రోగ్రామ్ అంత ముందుకి జరుగుతుంది. అప్పటికి చాలామంది మెషీన్ కోడ్‌ని బేసిక్ మొదటి లైనులో, రెమ్ అనే వ్యాఖ్య వెనక దాచిపెట్టి, అది 23760లో ఉంటుందని నమ్మి నేరుగా అక్కడికి దూకేవారు. పెట్టె తగిలించిన యంత్రంలో 23760లో ఉండేది వేరే సరుకు. బేసిక్ ఎక్కడ మొదలవుతుందో 23635లో చూసుకోమని మాన్యువల్‌లో రాసి ఉంది. అంటే ఇక్కడ పుంత ఉంది, పటమూ ఉంది. రెండడుగుల దూరం కలిసొస్తుందని జనం తోటలో పడ్డారు.

ఇప్పుడు ఖాళీ జాగా కథ. స్పెక్ట్రమ్ రోమ్‌లో 14446 నుంచి 15615 దాకా, మొత్తం 1170 బైట్లు ఏ కోడూ లేకుండా మిగిలిపోయాయి. అన్నిట్లోనూ 255 అనే అంకె. పనికిరాని పోరంబోకు అనుకుంటాం. ఆటలవాళ్లు దాన్ని కళ్లంగా చేసుకున్నారు. సెకనుకు 50 సార్లు వచ్చే ఆ పిలుపుని రోమ్‌కి పోనీకుండా తమ సంగీతానికో, బొమ్మల కదలికకో వాడుకోవాలని వాళ్ల కోరిక. జెడ్80లో ఒక పద్ధతి ఉంది: ఎక్కడికి దూకాలో జ్ఞాపకంలోని ఒక జత బైట్లలో చూసుకోమని చెప్పొచ్చు. వాళ్లు ఆ ఖాళీ జాగా వైపు వేలు చూపించారు. అక్కడ రెండు 255లు దొరుకుతాయి, కలిపితే 65535. అది జ్ఞాపకంలో చిట్టచివరి బైటు. అందులో దగ్గర దూకుడుకి చెప్పే 24 అనే ఆజ్ఞ పెట్టారు. ఎంత దూరం దూకాలో తర్వాతి బైటు చెప్పాలి. 65535 తర్వాత లెక్క మొదటికి తిరిగి 0కి వస్తుంది, అంటే రోమ్‌లో మొట్టమొదటి బైటుకి. అక్కడున్నది 243. అది అసలు వేరే ఆజ్ఞ, యంత్రం ఆన్ అవగానే పిలుపుల్ని ఆపేది. ఇక్కడ మాత్రం దాన్ని దూరం చెప్పే అంకెగా చదివితే వెనక్కి 13 అని అర్థం. లెక్క కట్టి దూకితే 65524 వస్తుంది. అక్కడ తమ కోడ్.

ఒక్కసారి ఆగి చూడండి. ఈ బాట నడవాలంటే రోమ్‌లో ఖాళీ ఖాళీగానే ఉండాలి, ఆ ఖాళీలో 255 తప్ప మరొకటి ఉండకూడదు, మొట్టమొదటి ఆజ్ఞ ఎప్పటికీ అదే అయి ఉండాలి. ఈ మూడింట్లో దేన్నీ వికర్స్ ఎవరికీ మాటివ్వలేదు. అయినా మూడూ మాటలైపోయాయి. తమాషా ఏమిటంటే 65524 బీబీసీ మైక్రోలోనూ ఉంది, చిల్లర పనుల పుంతగా, మాన్యువల్‌లో అచ్చయి. ఒకే అంకెకి ఒక యంత్రంలో పట్టా ఉంది, రెండో దాంట్లో ఒట్టి అలవాటు.

బీబీసీ పద్ధతికి మూల్యం లేదా అంటే ఉంది. పుంత చుట్టుదారి. 65518 దగ్గర ఆగి, 526 చూసి, అక్కడి నుంచి పోయి, ఇది మామూలు అక్షరమా రంగు మార్చే గుర్తా అని విచారించి గీసేలోపు, నేరుగా తెర జ్ఞాపకంలో బైటు పెట్టినవాడు చాలాసార్లు పెట్టేస్తాడు. బీబీసీలో కూడా వేగం కావలసిన ఆటలు అలాగే తోటలో పడి నడిచాయి. పైగా మంచి రంగుల తెరలు 32 కిలోబైట్లలో 20 మింగేసేవి. ఇంత మర్యాదకి జాగా, డబ్బు రెండూ కావాలి. 125 పౌన్ల యంత్రంలో ఆ మర్యాద పట్టదు. ఆ ధరకు 16 కిలోబైట్లలో వికర్స్ కట్టిన సంసారం చూస్తే నాకు వంక పెట్టబుద్ధి కాదు.

పుంత వేసినవాడికి లాభం ఆలస్యంగా వచ్చింది. బీబీసీ మైక్రో అడుగున ట్యూబ్ అనే సాకెట్ ఉంది. దానికి ఇంకో ప్రాసెసర్‌ని తగిలించొచ్చు. ప్రోగ్రామ్ ఆ రెండో ప్రాసెసర్‌లో నడుస్తుంది, పాత బీబీసీ దానికి కీబోర్డు, తెర, డిస్కు చూసిపెట్టే నౌకరు అవుతుంది. రెండో ప్రాసెసర్‌కి తనదైన జ్ఞాపకం ఉంటుంది, అందులో తెర లేదు. 65518ని పిలిచిన ప్రోగ్రామ్‌కి ఏ తేడా తెలియదు. అక్కడున్న చిన్న రోమ్ ఆ అక్షరాన్ని ట్యూబ్ మీదుగా అవతలికి పంపుతుంది. తెర జ్ఞాపకంలోకి నేరుగా బైట్లు పెట్టిన ఆటలు మాత్రం ఎవరూ చూడని చోట ఎవరికీ కనపడని బొమ్మలు గీసుకుంటూ పోతాయి.

ఏకార్న్‌లో సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ తమ సొంత ప్రాసెసర్ ఒకటి తయారుచేశారు. బీబీసీ బేసిక్ రాసిందీ విల్సనే. 1985 ఏప్రిల్ 26న తొలి చిప్పులు చేతికొచ్చాయి. కొత్త ప్రాసెసర్‌ని పరీక్షించాలంటే దానికో కంప్యూటర్ కావాలి, దానికో ఆపరేటింగ్ సిస్టమ్ కావాలి. వాళ్లకి అవేవీ కట్టాల్సిన పని పడలేదు. ట్యూబ్‌కి తగిలించారు. పాత యంత్రం కీబోర్డూ తెరా చూసుకుంది, కొత్త చిప్ బీబీసీ బేసిక్ నడిపింది, ఆ రోజే. ఆ చిప్ పేరు ఆర్మ్.

ఇదే కథ పెద్ద యంత్రాల్లో మళ్లీ జరిగింది, ఎక్కువసేపు ఆగను. 1985లో వచ్చిన అమీగాలో కార్ల్ సాసెన్‌రాత్ రాసిన ఎగ్జెక్ అనే సిస్టమ్ కోడ్ ఏకార్న్ కన్నా పొదుపుగా మాటిచ్చింది: స్థిరమైన చిరునామా ఒక్కటే, 4. అక్కడ చూస్తే మిగతావన్నీ ఎక్కడున్నాయో తెలుస్తుంది. 1984 నాటి మ్యాకింటాష్ తన రొటీన్ల పట్టికను ర్యామ్‌లో పెట్టి, సవరించుకునే వీలుంచింది. కానీ రెంటి లోపలా ఉన్న 68000 ప్రాసెసర్ 32 బిట్ల చిరునామాలో 24 మాత్రమే బయటికి పంపేది. పైన మిగిలిన 8 బిట్లు పోరంబోకు. ఆ జాగాలో మ్యాక్ సొంత జ్ఞాపక నిర్వాహకుడే గుర్తులు దాచుకున్నాడు. అమీగా కోసం మైక్రోసాఫ్ట్ రాసిన బేసిక్ కూడా అదే చేసింది. 32 బిట్లూ వాడే ప్రాసెసర్లు వచ్చాక ఆ ఆక్రమణలు తీయించడానికి యాపిల్‌కి ఏళ్లు పట్టింది. అక్కడ తోటలో నడిచింది ఊరివాళ్లు కాదు, యజమానే.

తెలుగు రాయాలనుకున్నవాడికి ఈ రెండు యంత్రాలు ఎలా కనిపిస్తాయో చూద్దాం. రెంటిలోనూ మామూలు అక్షరానికి 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు గల గడి. బీబీసీలో వీడీయూ 23 అనే ఆజ్ఞతో ఎనిమిది బైట్లు ఇచ్చి అక్షరం ఆకారం మార్చొచ్చు. స్పెక్ట్రమ్‌లో సొంతంగా గీసుకునే అక్షరాలు 21. అవి చాలకపోతే 23606లో ఉన్న చిరునామా మార్చి, అక్షరాల పెట్టె మొత్తాన్ని మన సొంత పెట్టెతో మార్చేయొచ్చు. ఎనిమిది చుక్కల ఎత్తులో క పడుతుంది, గ పడుతుంది, కళ్లు కొంచెం చిట్లించి చూస్తే ఠ కూడా పడుతుంది. స్త్రీ పడదు. స, నెత్తిన గుడిదీర్ఘం, కింద త వత్తు, పక్కన చుట్టుకునే ర వత్తు: మూడు అంతస్తుల ఇల్లు. దాన్ని ముక్కలుగా చేసి రెండు మూడు గళ్లలో పేర్చాలి, ఏ ముక్క ఎప్పుడు వస్తుందో ముందు వచ్చిన అక్షరాన్ని బట్టి తేల్చాలి. అంటే ప్రతి అక్షరమూ తెర చేరే ముందు ఒకరు అడ్డంగా కూర్చుని ఆలోచించాలి.

బీబీసీలో ఆ మనిషికి కుర్చీ సిద్ధంగా ఉంది, అదే 526. స్పెక్ట్రమ్‌లో లేదనుకున్నాను చాలాకాలం. ఉంది. వికర్స్ తెర, కీబోర్డు, ప్రింటరు ఒక్కోదానికి ఒక్కో చానెల్ పెట్టి, ఏ చానెల్‌కి అక్షరం రాసే కోడ్ ఎక్కడుందో ర్యామ్‌లో రాశాడు. ఆ చిరునామా మార్చితే 16 మీదుగా పోయే ప్రతి అక్షరాన్నీ పట్టుకోవచ్చు. తోట మధ్యలో ఎవరూ నడవని మంచి పుంత ఒకటి, గడ్డి మొలిచిపోయి ఉంది.

నిజంగా పాత కంప్యూటర్లలోకి తెలుగుని విస్తృతంగా తెచ్చింది ఈ రెండూ కాదు, ఐబీఎం పీసీకి తగిలించిన జిస్ట్ కార్డు. ఐఐటీ కాన్పూర్‌లో మొదలై పుణె సీడాక్‌లో పెరిగిన పని అది. దాని వెనకున్న ఇస్కీ సంకేతాల ప్రమాణం 1991లో ఖరారైంది. అందులో స్త్రీ అంటే ఆరు బైట్లు: స, హలంతు, త, హలంతు, ర, ఈ గుర్తు. డీబేస్ లాంటి డేటాబేస్ ప్రోగ్రామ్‌కి అవి ఆరు వింత అక్షరాలు, వాటిని దాచుకుంటుంది, వెతుకుతుంది, అర్థం చేసుకోదు. తెర మీద మాత్రం ఒక్క స్త్రీ. ఇది ఒట్టి సాఫ్ట్‌వేర్‌గా కాక కార్డుగా ఎందుకొచ్చిందన్నదానికి నా లెక్క ఒకటుంది. పీసీలోనూ తెరకి పుంత ఉంది. కానీ లోటస్ 1-2-3 లాంటి ప్రోగ్రాములు వేగం కోసం దాన్ని వదిలి తెర జ్ఞాపకంలో నేరుగా రాసేవి. పుంత మొదట్లో కాపలా కూర్చున్నవాడికి తోటలోంచి పోయేవాళ్లు కనపడరు. అందరూ చివరికి చేరే చోట, అంటే తెర దగ్గరే, కూర్చోవాలి.

ఇవాళ అంబాజీపేట యార్డులో కాయ లెక్క రాసుకునే గుమస్తా జేబులో ఫోన్ ఉంటుంది. అందులో ఉన్నది ఆర్మ్ వంశపు ప్రాసెసర్, ట్యూబ్‌కి తగిలించి చూసిన ఆ తొలి చిప్ వారసుడు. ఆ ఫోన్‌లో స్పెక్ట్రమ్‌ని అనుకరించే ప్రోగ్రామ్ వేసుకోవచ్చు. సింక్లెయిర్ కంప్యూటర్ల వ్యాపారాన్ని 1986లో కొనుక్కున్న ఆమ్‌స్ట్రాడ్, ఇలాంటి ప్రోగ్రాములతో పాటు పాత రోమ్‌ని పంచుకోవడానికి తర్వాత అనుమతిచ్చింది. పాత ఆటలు ఆడాలంటే ఆ 1170 బైట్లలో 255లు అలాగే ఉండాలి, 0 దగ్గర 243 అలాగే ఉండాలి. 109 దగ్గర ఒక తప్పు కూడా ఉంది. బయటి నుంచి వచ్చే అత్యవసర పిలుపుని మన కోడ్‌కి పంపడానికి పెట్టిన రొటీన్‌లో 40 ఉండాల్సిన చోట 32 పడి, అర్థం తలకిందులైంది. చిరునామా ఇస్తే పట్టించుకోదు, ఏమీ ఇవ్వకపోతే యంత్రాన్ని మొదటికి తెస్తుంది. ఒక్క బైటు. ఆ బైటూ ఆ ఫోన్‌లో అలాగే ఉంటుంది.